నన్ను కరిచే చెప్పు ఇంకా పుట్టలేదు

మీరందరూ నా పాదాలను చూసి కుళ్ళుకోవాలి. అసూయ తప్పని చిన్నప్పుడు మీకెవరైనా చెప్పి ఉంటే, ఈ ఒక్కసారికి ఆ మాట పక్కన పెట్టండి.

ఎందుకంటారా? కొత్త చెప్పులు కొంటే మీకేమవుతుంది? మడమ దగ్గర కరుస్తాయి. చిటికెనవేలు ఒరుసుకుపోతుంది. హుషారుగా ఇంట్లోంచి బయల్దేరి వీధి మలుపు తిరిగేసరికి కుంటడం మొదలుపెడతారు. నాకా బాధ లేదు. బిగుతువి, వదులువి, ముందు సూదిగా ఉన్నవి, వెనక పట్టీ ఉన్నవి, పక్కింటాయనవి, అన్నీ నాకు సుఖమే! ఎడమది కుడికాలికి తొడుక్కుని అర కిలోమీటరు నడిచిన రోజు కూడా ఉంది. ఆ రోజూ హాయిగానే గడిచింది.

ఈ యోగం ఊరికే పట్టలేదు. ఇరవై ఏళ్ళు షుగరును ఇంట్లో మనిషిలా చూసుకున్నందుకు అది మెచ్చి ఇచ్చిన వరం. డాక్టరు దీన్ని న్యూరోపతి అన్నారు. అంటే పాదాల్లోని నరాలు పైకి కబురు పంపడం మానేశాయన్నమాట. మీ పాదాలు రోజంతా మీకు ఏదో ఒక ఫిర్యాదు చేస్తూనే ఉంటాయి. నావి నోరెత్తవు. ఇంత మర్యాద తెలిసిన అవయవాలు మీలో ఎవరికైనా ఉన్నాయా?

ఆ సంగతి తేల్చడానికి డాక్టరు ఒక పరీక్ష పెట్టారు. నేను కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఆవిడ సన్నటి నైలాన్ పోగుతో నా పాదాన్ని అక్కడక్కడా తాకుతారు. తాకినట్టు తెలిస్తే చెప్పాలి. ఎంతసేపటికీ నాకేమీ తెలియలేదు. పరీక్షలో సున్నా తెచ్చుకోవడం మా వంశంలో లేదు కాబట్టి, అంచనా మీద మధ్యమధ్యలో "ఆఁ, తెలిసింది" అంటూ వచ్చాను.

"నేనింకా మొదలుపెట్టలేదండీ, పెన్ను వెతుక్కుంటున్నా" అన్నారు డాక్టరు.

సరే, పరీక్షల మాట వదిలేయండి. దీనివల్ల ఉద్యోగంలో ఎంత లాభమో చూడండి. నేను లైబ్రరీలో పనిచేస్తాను. ఒక ఉదయం రిఫరెన్సు పుస్తకాల బీరువా తాళంచెవి మాయమైంది. సొరుగులన్నీ లాగాం, చెత్తబుట్టలు తిరగేశాం. అటెండరు పాపం నేలమీద బోర్లా పడుకుని అలమరల కిందకి టార్చి వేసి చూశాడు. ఈ గాలింపుకు నాయకుడెవరు? నేనే! రెండంతస్తులూ కాళ్ళరిగేలా తిరిగాను. అందరూ అలిసిపోయి కుర్చీల్లో కూలబడ్డా నేను కూర్చోలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి బూటు విప్పితే తాళంచెవి ఠంగుమని గచ్చు మీద పడింది. బల్ల కింద బూట్లు విప్పుకుని కూర్చోవడం నాకు అలవాటు. బల్ల మీది నుంచి జారి అందులో పడినట్టుంది. అరికాలి మీద దాని పళ్ళు ఎంత చక్కగా అచ్చుపడ్డాయంటే, తాళాలు చేసేవాడి ముందు కాలు చాపితే చాలు, డూప్లికేటు చేసి చేతిలో పెట్టేవాడు.

నేను పగలబడి నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. అచ్చుపడినచోట ఒక పొక్కు లేచింది. అది మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇంకోసారి పుండు పడితే వేలు దక్కకపోవచ్చని డాక్టరు నా వంక కాకుండా ఆవిడ వంక చూసి చెప్పారు. సరైన బూట్లు కొనమన్నారు. తొడుక్కునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమమన్నారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మా ఆవిడ నా బూట్లలో చెయ్యి పెట్టి వెతుకుతోంది. పూర్వం నా జేబులు వెతికేది. ఏ కాపురంలోనైనా ఇలాంటి ప్రగతి కనిపిస్తుందా?

ఇక బూట్ల షాపుకు వెళ్ళిన వైభోగం చెప్పాలి. మొదటి జత తొడిగి, సేల్స్‌మన్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"ఎక్కడైనా నొక్కుతోందా సార్?"

"ఎక్కడా లేదు. బ్రహ్మాండంగా ఉంది."

రెండో జతా బ్రహ్మాండమే. తొమ్మిదో జతా బ్రహ్మాండమే! ఆ సేల్స్‌మన్ కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, ఆ షాపులోనే తల నెరిసినవాడు. ఆయన మొహం చేటంత అయింది. అటుపక్క ఒక కస్టమరు ఒకటే సణుగుడు. "మడమ దగ్గర ఒరుసుకుంటోందండీ, వేళ్ళ దగ్గర పట్టేస్తోందండీ" అని పెట్టెల మీద పెట్టెలు తెప్పిస్తోంది. ఎంత గొణిగే పాదాలో అనుకుని జాలిపడ్డాను.

అప్పుడు మా ఆవిడ సంచిలోంచి కాగితం పాదాన్ని తీసింది. డాక్టరు చెప్పిన ఉపాయమది. నన్ను పాత క్యాలెండరు కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలు తిప్పి కత్తిరించుకుంది. బూటులోకి ఆ కాగితాన్ని తోస్తే, అది ముడుచుకున్నచోట బూటు ఇరుకని లెక్క. తోసింది. ముడుచుకుంది.

"ఇది ఇరుకండీ, వద్దు" అంది.

"సార్ బాగుందంటున్నారు కదమ్మా."

"ఆయన మాట లెక్కలోకి తీసుకోకండి."

ముప్పై ఏళ్ళుగా ఇంట్లో నడుస్తున్న చట్టమే ఇది. బజార్లో ప్రకటించడం మాత్రం మొదటిసారి. తొమ్మిది జతలనూ కాగితం తిప్పికొట్టింది. నాతో పాటు పుట్టిన పాదానికి లేని తెలివి క్యాలెండరు కాగితానికి ఉందని సేల్స్‌మన్ ముక్కున వేలేసుకున్నాడు.

పదో జతకు కాగితం తల ఊపింది. ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా, రెండు రొట్టెల్లా ఉన్నాయవి. నాకు మనస్కరించలేదు. అయినా తొడుక్కుని అద్దం ముందు పది అడుగులు వేసి, "మహా సుఖంగా ఉన్నాయి, కట్టేయండి" అన్నాను.

"ఒక్క నిమిషం" అని మా ఆవిడ వాటిని నా కాళ్ళ నుంచి విప్పించి లోపలికి చెయ్యి పెట్టింది. కుడి బూటులో వేళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి, "అబ్బ" అంది.

చెయ్యి బయటికి తీస్తే చూపుడువేలి చివర రక్తం. లోపలి అట్టలోంచి మేకు మొన ఒకటి పైకి లేచి ఉంది. సేల్స్‌మన్ కంగారుగా దూది కోసం లోపలికి వెళ్ళాడు. ఆ మేకు మీదే కదూ నేను ఇప్పుడు పది అడుగులు వేసింది, మహా సుఖమని సర్టిఫికెట్టు ఇచ్చింది!

ఆవిడ వేలికి రుమాలు చుట్టుకుని, నడి షాపులో నేల మీద కూర్చుని, నా మేజోడు లాగేసి, పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు నీ వేలి సంగతి చూసుకో" అన్నాను.

"నా వేలు మండుతోంది, దాని సంగతి నాకు తెలుసు. మీది చూడనివ్వండి."

మేజోడుకు చిన్న చిల్లు పడింది. చర్మం మీద ఎర్రటి చుక్క, అంతే. తెగలేదు. అది నిర్ధారణ చేసుకునేదాకా ఆవిడ వేళ్ళు వణుకుతూనే ఉన్నాయట. సేల్స్‌మన్ తర్వాత చెప్పాడు. నా పాదం ఆవిడ చేతుల్లోనే ఉంది కానీ, ఆ వణుకు నాకు తెలియలేదు.

అదే రకంలో ఇంకో జత, అంగుళం అంగుళం తడిమి, కొనుక్కొచ్చాం. కొత్త బూట్లు ఎలా ఉన్నాయని ఇప్పుడు లైబ్రరీలో అందరూ అడుగుతున్నారు. మా ఆవిడను అడగమని చెబుతున్నాను.

నొప్పిలేని మనిషినని ఇంతసేపూ మీ ముందు విర్రవీగాను. కాస్త సవరించుకుంటాను. నా నొప్పి ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లోనే, మా ఆవిడ కుడిచేతి చూపుడువేలికి కట్టు కట్టుకుని ఉంది. షాపులో ఆవిడ అన్న ఆ "అబ్బ" నేను అనవలసింది. కొత్త చెప్పులు కరిచాయని విసుక్కుంటున్న మీలో ఎవరికైనా దారి తెలిస్తే, దయచేసి ఆ నొప్పిని నాకు తిరిగి ఇప్పించండి.