పటం సౌజన్యం

ఉద్యమంలో బస్సులు ఆగిపోయిన రోజులవి. జనగామలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ శాఖలో పనిచేసే గులాం రసూల్‌కు ఆ ఉదయం ఉన్నది చిన్న పనే. వెబ్‌సైటులోని పాత పటాలు, పాటల రికార్డులు ఇకమీద ఎవరైనా అనుమతి అడగకుండా వాడుకోవచ్చు, మూలం పేరు రాస్తే చాలు అని ప్రకటన పెట్టాలి. ఆ పని ముగించి, పదకొండింటి రైలుకు మహబూబాబాద్ వెళ్లి అత్తగారింట్లో భోంచేయాలి.

ఆ ప్రకటన కోసం అతను రెండేళ్లు తిరిగాడు. రాజీ అనే తండా టీచరమ్మ తన అవ్వ పాడిన లంబాడా పాట వినడానికి మూడుసార్లు దరఖాస్తు పెట్టుకోవడం చూశాక అతనికి మనసు ఒప్పలేదు. డైరెక్టరు సాంసన్ చివరికి సంతకం పెట్టాడు, ఏమైనా జరిగితే తనకు సంబంధం లేదని కింద రాసి.

అన్నీ అయ్యాక, పల్లెల మధ్య అడ్డదారులు చూపే పాత పటం దగ్గర చిక్కొచ్చింది. 'మూలం' అన్న గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు కదలడం లేదు. రైలుకు టైమవుతోంది. తర్వాత మారుద్దామని గులాం రసూల్ తన పేరు కొట్టి స్టేషనుకు పరుగెత్తాడు. అత్తగారింటి బగారా అన్నం తిన్నాక ఆ సంగతే మరిచిపోయాడు.

బస్సుల్లేవు కాబట్టి ఊరేగింపులకు అడ్డదారులే దిక్కయ్యాయి. తొర్రూరు కుర్రాళ్లు ఆ పటాన్ని కరపత్రం మీద అచ్చేసి, నియమం తప్పకుండా 'పటం సౌజన్యం: గులాం రసూల్' అని రాశారు. రేగొండవాళ్లు దాన్ని చూసి తమది అచ్చేసినప్పుడు 'పటం సౌజన్యం' ఎగిరిపోయి, కింద 'ఇట్లు, గులాం రసూల్' మిగిలింది. భూపాలపల్లివాళ్లు ఈయనెవరో పెద్దమనిషనుకుని ముఖ్య అతిథిగా వేశారు. రెండు గంటలు చూసి, ఖాళీ కుర్చీకి దండ వేసి సభ ముగించారు.

ఇంట్లో భార్య తాహెరా ఆ కరపత్రం చూపించి, ఉపన్యాసాలు ఎప్పట్నుంచి ఇస్తున్నారని నెమ్మదిగా అడిగింది. పెళ్లయిన పదేళ్లలో తనతో వరుసగా నాలుగు మాటలు మాట్లాడింది లేదని కూడా గుర్తుచేసింది.

మర్నాడు ఎస్సై రాజలింగం కరపత్రాల కట్టతో గ్రంథాలయానికి వచ్చాడు.

"తొర్రూరు నీదే, రేగొండ నీదే, భూపాలపల్లి నీదే. బస్సులే లేకపాయె, ఎట్ల తిరుగుతున్నవ్?"

"నేను యాడికీ పోలేదు సార్. పటం పోయింది."

సాంసన్ తన సంతకం కింద రాసుకున్న వాక్యాన్ని ఎస్సైకి రెండుసార్లు చూపించి, వెబ్‌సైటు వెంటనే మూసేయమన్నాడు. మూలన కంప్యూటరు ముందు కూర్చున్న రాజీ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి లేచింది.

"బంద్ చెయ్యకున్రి సార్. మా అవ్వ మల్ల దరఖాస్తులల్లకు పోతది."

ఎస్సై ఆ ప్రకటన ఏమిటో చదవమన్నాడు. గులాం రసూల్ మొత్తం చదివాడు. ఎవరైనా వాడుకోవచ్చు, పేరు మాత్రం రాయాలి అన్నచోట ఎస్సై ఆపాడు.

"రాయకపోతే?"

"తప్పయితది సార్. గిప్పటిదాంక ఎవ్వరూ తప్పు చెయ్యలే. అందరూ రాసిన్రు, జర ఎక్కువనే రాసిన్రు."

ఎస్సై తన చేతిలోని బందోబస్తు ఫైలు తెరిచాడు. మొదటి పేజీలో అదే పటం ఉంది. కింద ఎవరి పేరూ లేదు. మూడు ఊళ్లవాళ్లూ పేరు రాస్తే, నియమం తప్పింది పోలీసులు తామొక్కరేనని ఆయనకు అర్థమైంది.

"గిప్పుడేం చెయ్యాలె?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పేరు రాస్తే సరిపోతది సార్."

ఎస్సై పెన్ను అడిగి తీసుకుని, ఆ మొదటి పేజీ కింద గుండ్రటి అక్షరాలతో గులాం రసూల్ పేరు రాశాడు. వెబ్‌సైటు మూయాల్సిన పనేం లేదని సాంసన్‌తో చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. రాజీ మళ్లీ పాట పెట్టుకుంది.

ఫైలు పై అధికారులకు వెళ్లింది. పదిహేను రోజులకు, బందోబస్తు పథకం చక్కగా తయారుచేసినందుకు గులాం రసూల్‌ను అభినందిస్తూ ఉత్తరం వచ్చింది.