నీలిపొగ కచేరీలో కదలని జనం

ఆ ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. కచేరీ సాయంత్రం ఆరింటికైతే తను మూడింటికే హాల్లో ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా అతను నీలిపొగ బ్యాండు పాటలు వింటున్నాడు. క్యాసెట్లు అరిగి, తెగి, అతుకులు పడితే ఆ అతుకుల దగ్గర వచ్చే కీచుమనే చప్పుడుతో సహా కంఠతా వచ్చాయి. ఆ ఐదుగురినీ ఎదురుగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఈ రోజు కచేరీతో వాళ్ళు విడిపోతున్నారు. ఇవాళ చూడకపోతే ఇక ఈ జన్మకి లేనట్టే.

"మూడింటికే వెళ్ళి ఏం చేస్తారండీ? కుర్చీలు తుడుస్తారా?" అంది భార్య.

"బస్సు చెడిపోవచ్చు. రోడ్డు తవ్వేసి ఉండొచ్చు. మీ తమ్ముడు తోడొస్తే రెండూ జరగొచ్చు."

"నేను ఆరింటికే వస్తాలే బావా," అన్నాడు బావమరిది సోఫాలోంచి లేవకుండానే. "నువ్వెళ్ళి కుర్చీ వెచ్చబెట్టు."

మధ్యాహ్నం బయల్దేరే హడావిడిలో దూరపు చూపు కళ్ళద్దాలు బల్ల మీద ఉండిపోయాయి, చదువుకునే కళ్ళద్దాలు ముక్కు మీదికి వచ్చాయి. వాటితో అరచేతి గీతలు అమోఘంగా కనిపిస్తాయి. మూర దాటితే లోకమంతా వానలో తడిసిన రంగుల బొమ్మే. బస్సెక్కాక గానీ సంగతి తెలియలేదు. వెనక్కి వెళ్తే మరీ రెండు గంటల ముందు మాత్రమే చేరతానేమోనని భయపడి, అలాగే వెళ్ళిపోయాడు.

హాలు ముందు తలుపు మూసి ఉంది. పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. అక్కడ గోడకానుకుని కోటు వేసుకున్న పొడుగాటి మనిషి నిలబడ్డాడు. లైబ్రేరియన్ టికెట్టు చాపాడు. ఆ మనిషి ఉలకలేదు, పలకలేదు. నాలుగు నిమిషాలు ఓపిక పట్టి, లైబ్రేరియనే టికెట్టు చింపి, సగం అతని జేబులో పెట్టి, "థాంక్సండీ" అని లోపలికి నడిచాడు.

లోపల గుడ్డి వెలుతురు. హాలు అప్పటికే నిండిపోయింది. ఇంత ముందొచ్చినా తనదే ఆలస్యమని సిగ్గుపడుతూ, మూడో వరసలో చేతికి తగిలిన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు గమనించాడు. దగ్గు లేదు. గుసగుస లేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు. రెండు వందల మంది మెడలు నిటారుగా పెట్టి స్టేజీనే చూస్తున్నారు. ఒక్కరి ఊపిరీ వినబడదు. ఇంకెవరైనా అయితే ఈపాటికి గుమ్మం దాటి, వీధి దాటి, ఊరు దాటేవాళ్ళు. కానీ బతుకంతా "ష్ష్, నిశ్శబ్దం" అని అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషికి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి జనం ఎక్కడో ఉంటారని అతనికి ఎప్పుడూ నమ్మకమే.

"మీరెప్పుడొచ్చారండీ?" అని పక్కాయన చెవి దగ్గర గొణిగాడు. అంత దగ్గరికి వెళ్తే చెవి స్పష్టంగా కనిపించింది. దానికి రంధ్రం లేదు. చెవులు పనిచెయ్యకపోయినా కచేరీకి వచ్చాడు, అభిమానమంటే ఇదీ అనుకున్నాడు లైబ్రేరియన్.

స్టేజీ మీదికి ఐదు మసకలు వచ్చాయి. వాయించడం మొదలైంది. ఆ గొంతు! మొదటి చరణంలో కీచుమనాల్సిన చోట కీచుమనకపోయేసరికి కాస్త వెలితిగా అనిపించింది గానీ, మిగతాదంతా స్వర్గం. పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. స్టేజీ మీద వాళ్ళకీ అదేం వింతగా లేదు.

"బాగుందిరా," అంది ఆ గొంతు. "అచ్చం మనుషులున్నట్టే వినిపిస్తోంది."

లైబ్రేరియన్ ముందుకు వంగాడు. ఉన్నట్టే అంటే? లేరా? "విన్నారా ఏమన్నాడో?" అని పక్కాయన చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది. లాగితే మోచేతి దాకా ఊడి వచ్చేసింది.

కేకేద్దామని లేచాడు. నోరు తెరుచుకుంది గానీ గొంతు రాలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో జనం మీదికి లైటు తిప్పారు. కట్టెలా బిగుసుకున్న రెండు వందల మంది మధ్య ఒక్కడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వణుకుతున్న చేతుల్లో ఇంకొకరి చెయ్యి. అది అరచేతికి తగిలి టక్, టక్, టక్ అంటోంది.

"లేచిందిరోయ్!" అని అరిచింది ఇరవై రెండేళ్ళు ఆరాధించిన గొంతు. "చప్పట్లు కొడుతోందిరోయ్!"

డ్రమ్ము వాయించేవాడు డ్రమ్ముతో సహా కిటికీలోంచి దూకాడు. మిగతా నలుగురూ వెనక తలుపులోంచి, లైబ్రేరియన్ పక్క తలుపులోంచి, ఒకరికి తెలియకుండా ఒకరు ప్రాణాలు దక్కించుకున్నారు.

ఆరింటికి ధైర్యం చిక్కబట్టుకుని తిరిగొస్తే, హాలు మెట్ల మీద బావమరిది ఎదురయ్యాడు. "కచేరీ లేదు బావా! ఖాళీ హాల్లో పాట గోడలకి కొట్టుకుని గింగిరాలు తిరుగుతుందట. అందుకని జనానికి బదులు బట్టల కొట్టు బొమ్మల్ని కూర్చోబెట్టి వాయించి చూసుకున్నారట. అందులో ఒకటి లేచి నిలబడిందట!"

లైబ్రేరియన్ తన కోటు లోపల దాచిన మూడో చెయ్యిని గట్టిగా అదుముకున్నాడు. "ఎలా ఉందట?"

"బక్కచిక్కి, మొహం పాలిపోయి... నోట్లో ఒక్క పన్ను లేదట."

"పళ్ళున్నాయి."

"నీకెలా తెలుసు?"

"చదివాను."

నెల తిరక్కుండా పేపర్లో పడింది. బొమ్మకి ప్రాణం పోసిన బ్యాండని ఊరూవాడా చెప్పుకునేసరికి నీలిపొగ విడిపోవడం మానుకుంది. మళ్ళీ అదే హాల్లో కచేరీ. లేచి చప్పట్లు కొట్టిన ఆ బొమ్మ గౌరవార్థం మూడో వరసలో ఒక కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతారట.

"ఈసారైనా చూద్దాం బావా," అన్నాడు బావమరిది పేపరు మడుస్తూ. "ఇద్దరికీ టికెట్లు తియ్యనా?"

"నీకొక్కడికే తియ్యి," అన్నాడు లైబ్రేరియన్. "నాకు కుర్చీ వేసుంచారు."