మీ సెలవులు రిజిస్టర్లో భద్రం

ఉద్యోగం మానేసిన రోజున, మనం వాడకుండా దాచుకున్న సెలవులన్నీ ఒక్క సంతకంతో రద్దయిపోవడం ఎంత గొప్ప వరమో మీకు తెలుసా? తెలియదు. తెలిస్తే అర్జీలు రాయరు, యూనియన్లు పెట్టరు, టీ కొట్టు దగ్గర నిలబడి యజమానులను తిట్టరు!

నాకు తెలుసు. ఎందుకంటే ఆ రూలు రాసింది నేనే.

కొవ్వూరులో బియ్యానికి, ఎరువులకు, ఆ తర్వాత రొయ్యల మేతకు ప్లాస్టిక్ సంచులు నేసే ఒక కంపెనీలో పంతొమ్మిదేళ్లు ఆఫీసు సూపరింటెండెంటుగా చేశాను. ఉదయం రాజమండ్రి నుంచి బ్రిడ్జి దాటి వెళ్లడం, సాయంత్రం బ్రిడ్జి దాటి రావడం. గోదావరిని నేను చూసినన్ని సార్లు ఎవరూ చూసి ఉండరు, బస్సు కిటికీలోంచి. మా యజమాని దుర్గాప్రసాదరాజు గారిది భీమవరం వైపు. ఆయన పండించిన వడ్లకు సంచులు ఇంకెవరో అమ్మి బాగుపడటం చూడలేక సొంతంగా కంపెనీ పెట్టారు.

"పోయేవాడికి డబ్బులెందుకండీ?" అన్నారు ఆయన ఒక రోజు. ఆ ఒక్క మాటను నేను నాలుగు లైన్ల ఇంగ్లీషులోకి మార్చాను. రాజీనామా ఇచ్చిన రోజు సాయంత్రం అయిదు గంటలకు ఆ ఉద్యోగి సెలవులన్నీ రద్దని దాని అర్థం. ఆ ఇంగ్లీషు ఎంత బాగా కుదిరిందంటే, పూర్తిగా చదివి అర్థం చేసుకున్న ఉద్యోగి మా కంపెనీలో ఒక్కడూ లేడు!

ఇందులో అన్యాయం ఏముంది చెప్పండి? మెస్సులో నెల టిక్కెట్ల పుస్తకం కొని, పది పూటలు భోజనానికి వెళ్లకపోతే, మెస్సువాడు పిలిచి డబ్బు చేతిలో పెడతాడా? పైగా ఎందుకు రాలేదని అడుగుతాడు. మా రాజుగారు అదీ అడిగేవారు కాదు. సెలవు వాడుకోనివాడంటే ఆయనకు ప్రాణం.

చట్టంలో ఏదో ఉందంటారు కొందరు. ఉంటే ఉండొచ్చు. చట్టం ఏలూరులోనో హైదరాబాదులోనో ఉంటుంది. రాజుగారు మాత్రం పక్క గదిలో ఉంటారు.

ఇంకో లాభం చూడండి. ఉద్యోగం మానేస్తూ చేతినిండా డబ్బు తెచ్చుకున్నవాడి గతి ఏమిటి? సాయంత్రానికి బావమరుదులు దిగుతారు. ఒకడికి లారీ, ఇంకొకడికి చేపల చెరువు. ఖాళీ చేతులతో ఇంటికొచ్చినవాణ్ణి చేబదులు అడిగే బావమరిది ఇంకా పుట్టలేదు!

అలాగని మా కంపెనీ మనుషులను గుర్తించదనుకోకండి. ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా సెలవు పెట్టనివారికి దసరా ఆయుధపూజ నాడు, మిషన్లకు కుంకుమ బొట్లు పెట్టిన తర్వాత, మూత ఉన్న స్టీలు డబ్బా ఇచ్చేవారు. రాజుగారు స్వయంగా ఇచ్చేవారు. మా ఇంట్లో అవి పదిహేడు ఉన్నాయి. మిగిలిన రెండేళ్లలో ఒకసారి మా నాన్నగారు పోయారు, ఒకసారి నాకు పచ్చకామెర్లు వచ్చాయి. రెండూ నా చేతిలో లేని విషయాలు.

అంత నిష్ఠగా బతికినవాణ్ణి కాబట్టే ఇతరులను కూడా ఆ దారిలో పెట్టగలిగాను. లోవరాజు సంగతే తీసుకోండి. అంతర్వేది దగ్గర వేటకు వెళ్లే కుటుంబం. వీడొక్కడే సముద్రం వదిలి మా ప్యాకింగ్ సెక్షనుకు వచ్చాడు. భార్య పుట్టింట్లో ప్రసవిస్తే కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మాయి పుట్టిందండి. నాలుగు రోజులు ఇప్పించండి సార్, చూసొచ్చేత్తాను."

"ఆర్డరు మీద ఉన్నామయ్యా. పిల్ల ఎక్కడికి పోతుంది? సెలవులు మాత్రం ఎక్కడికి పోతాయి? దాచుకుంటే ఆఖర్న నీకే కలిసొస్తాయి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

మూడో నెలలో, ఒక ఆదివారం, సెలవు పెట్టకుండానే వెళ్లి చూశాడు. ఆ పిల్ల ఇతన్ని చూసి కొత్తవాడనుకుని ఏడ్చిందట. ఆ ఏడాది దసరాకు అతనికీ డబ్బా వచ్చింది.

రెండు వేల మూడులో లోవరాజు మానేశాడు. అప్పటికి నూట పద్దెనిమిది రోజులు ఉన్నాయి. "నా సెలవులు ఎక్కడికీ పోవన్నారు కదండీ?" అని మళ్లీ నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పోలేదయ్యా! రిజిస్టర్లోనే భద్రంగా ఉన్నాయి" అని బీరువా తీసి చూపించాను. ఒక్క కొట్టివేత లేదు, అంత శుభ్రమైన పేజీ. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. తిట్టి వెళ్లినా బాగుండేది.

సరే, అది వదిలేయండి. మా ఇంట్లో కూడా ఇదే క్రమశిక్షణ. తొంభై ఒకటి పుష్కరాలకు పెనుగొండ నుంచి మా అత్తగారూ మామగారూ వచ్చారు. "ఒక్క రోజు సెలవు పెట్టి ఘాట్‌కు తీసుకెళ్లండి" అంది మా ఆవిడ సత్యవాణి. నేను ఆఫీసుకు వెళ్లాను. రెండు వేల మూడు పుష్కరాలకు మామగారు లేరు. అత్తగారిని తీసుకుని ఆ జనంలో సత్యవాణి ఒక్కతే వెళ్లింది. "నా బదులు కూడా ఒక మునక వెయ్యి" అని చెప్పి బస్సెక్కాను. పుష్కరాల పన్నెండు రోజులూ రాజమండ్రిలో ఉండి కూడా గోదావరిలో కాలు తడపనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను!

ఊరికే కాదండోయ్. మాది రేకుల వంటిల్లు. వానాకాలం వస్తే సత్యవాణి పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని వండుతుంది. "ఆఖర్న సెలవుల డబ్బు మొత్తం ఒక్కసారి వస్తుంది. దాంతో నీ వంటింటికి స్లాబు వేయిస్తాను" అని పంతొమ్మిదేళ్లు చెప్పాను.

రూలు రాసినవాడివి, నీకు తెలియదా అని అడుగుతున్నారా? తెలుసు. కానీ అది లోవరాజుల కోసం రాసిన రూలు అనుకున్నాను. సూపరింటెండెంటు వేరు కదా!

ఈ జూన్‌లో రాజుగారి అల్లుడు వంశీ ఆఫీసుకు కంప్యూటరు తెచ్చాడు. వారం తిరక్కుండా నన్ను పిలిచి, "మీరే రాజీనామా రాసిచ్చేస్తే గౌరవంగా ఉంటుందండి, అంకుల్" అన్నాడు. నా గౌరవం మీద ఆ కుర్రాడికి ఎంత శ్రద్ధో! మంచి ఇంగ్లీషులో రాసి, నాలుగు గంటల నలభై నిమిషాలకు ఇచ్చాను.

అయిదు గంటలకు రద్దు. అంటే ఇరవై నిమిషాలుంది. నా ఖాతాలో రెండు వందల యాభై ఒక్క రోజులున్నాయి. ఆ ఇరవై నిమిషాల్లో అవన్నీ ఎలా వాడుకోవాలో నాకు తోచలేదు. నా ఇంగ్లీషులో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని రూలు తీసి రెండుసార్లు చదివాను. ఎంత గట్టిగా రాశానండీ!

రాజుగారి గదికి వెళ్లాను. లోవరాజు నా ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను.

"మీ సెలవులు ఎక్కడికి పోతాయండీ యుగంధర్ గారూ? రిజిస్టర్లోనే ఉంటాయి కదండీ. మీ చేతిరాతే కదా!" అన్నారు ఆయన, నవ్వుతూ. గోడ గడియారం అయిదు కొట్టింది. ఆయన టీ తెప్పించారు. తాగాను.

కాబట్టి పాఠక మహాశయులారా, సెలవులు దాచుకోండి! పిల్లలు పుట్టినా, పెద్దలు పోయినా దాచుకోండి. అలా కాదు, నా మాట మీద మీకు నమ్మకం లేదంటారా? అయితే రేపు ఉదయం ఎలాగైనా కడుపునొప్పి తెచ్చుకుని ఇంట్లో ఉండిపోండి. మీ పిల్లలు మిమ్మల్ని గుర్తుపట్టే వయసులో ఉండగానే ఆ పని చేయండి.

నిన్న రాజమండ్రిలో పెద్ద వాన పడింది. వంటింట్లో పదకొండు చోట్ల కారింది. సత్యవాణి అటక మీంచి స్టీలు డబ్బాలు దింపి, మూతలు తీసి, ఒక్కో చుక్క కింద ఒక్కోటి పెట్టింది. కారే చోట్లన్నిటికీ సరిపోయి ఇంకా ఆరు మిగిలాయి.

ఆ ఆరింటినీ చీర చెంగుతో తుడుస్తూ, "ఏవండీ, ఈ మిగిలినవి మనవేనా? లేకపోతే ఇవి కూడా రాజుగారికి ఇచ్చేయాలా?" అని అడిగింది.

రూలు చూసి చెబుతానన్నాను.