తడవని బాతుల మీద విచారణ

ఒక పెద్ద అడవిలో వాన అందరినీ తడిపి, బాతులను మాత్రం వదిలేసింది. ఇది అడవి ఐక్యతకు అవమానమని సభ తీర్మానించింది.

సభ జరిగేది చెరువు నడుమ ఉన్న లంకలో. అధ్యక్షుడు నక్క. ఎండాకాలం సభ్యులు కాలిబాటన నడిచి వచ్చేవాళ్ళు. వానలకు ఆ బాట మునిగితే బాతులే తెప్ప లాగి వాళ్ళను గట్టుకు చేర్చేవి. ఈ సంగతి తీర్మానంలో ఎవరూ రాయలేదు.

"నీటితో కలవనివాడు మనవాడు కాడు!" అని నక్క గర్జించబోయి ఊళ పెట్టింది.

"అందరం ఒక్కటే, అందరిదీ ఒకే తడి!" అని సభ అరిచింది. ముద్దగా తడిసి వణుకుతున్న గొర్రె అందరికంటే గట్టిగా అరిచింది.

మర్నాడు కోతి ఇన్‌స్పెక్టరు గట్టుకు వచ్చి, చుక్కమ్మ అనే బాతు వీపు మీద ఒక నీటిబొట్టు వేసింది. బొట్టు పూసలా దొర్లి కింద పడింది.

"చూశావా? నీళ్ళంటే నీకెంత ద్వేషం!"

"ద్వేషమేంటి బాబూ, నేనుండేదే నీళ్ళలో. తోక మొదట్లో నూనె ఊరుతుంది. ముక్కుతో తీసి ఈకలకు రాసుకుంటాను. నూనెకీ నీళ్ళకీ పొత్తు కుదరదు. అందుకే తేలతాను."

"నువ్వే ఒప్పుకున్నావు. ఆ నూనె కడిగెయ్యాలని తీర్మానం. వేలిముద్ర వెయ్యి."

"పిల్లలకింకా సొంత నూనె ఊరలేదు బాబూ. నా రెక్కల కింద దూరి నాదే అంటించుకుంటాయి. నాది పోతే అవి చలికి చస్తాయి."

"పిల్లల సంగతి తీర్మానంలో లేదమ్మా," అంటూ కోతి కుంకుడు రసం కుండ దించింది.

కుంకుడు రసం పెళ్ళిళ్ళ పేరయ్య. ఒక చేత్తో నూనెను, ఇంకో చేత్తో నీటిని పట్టుకుని బలవంతంగా కలిపేస్తుంది. కోతి దాన్ని బాతులన్నిటికీ రుద్దింది. నూనె అంతా నురగతో పాటు చెరువులో కలిసిపోయింది. బాతులు తడిసిన గోనెసంచుల్లా గట్టెక్కాయి. చుక్కమ్మ పిల్లలను ఎండుగడ్డిలో దాచి, పైన కూర్చుని వణికింది.

కోతి "ఐక్యత సాధించబడింది" అని రిపోర్టు రాసుకుని లంకకు పోయింది. అప్పటికింకా బాట మునగలేదు.

సాయంత్రం లంకలో సభ జరుగుతుండగా కుండపోత. బాట మునిగింది. చూస్తుండగానే లంక చాపంత అయింది.

"చుక్కమ్మా! తల్లీ! తెప్ప లాక్కురా!" అని లంక మీంచి నక్క అరిచింది.

"నీళ్ళలో దిగితే మునుగుతానయ్యా. మీ పరీక్ష పాసయ్యాను."

"తీర్మానం రద్దు! ఇదిగో, సంతకం కూడా పెట్టేశాను! నూనె రాసుకుని రా!"

"సంతకానికి నూనె ఊరదయ్యా. వారం పడుతుంది."

"అందాకా మేమేం చెయ్యాలే?"

చుక్కమ్మ రెక్క కిందికి పిల్లలను ఒక్కొక్కటిగా లాక్కుంది. "నీటితో కలిసి ఉండండి."

గొర్రె అలవాటుగా "అందరిదీ ఒకే తడి!" అని అరిచింది. ఈసారి ఎవరూ వంత పాడలేదు.

నీతి: తేలేవాణ్ణి ముంచడం ఐక్యత, తాము మునిగేటప్పుడు వాణ్ణే పిలవడం పరిపాలన.