ఒక్క రాత్రి సాక్ష్యం

మనిషి నిద్ర ఎలాంటిదో తేల్చడానికి ఒక్క రాత్రి చాలు. చాలదనేవాళ్లు సైన్సుకి శత్రువులు!

కుండెడు అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూడమా? ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ మెతుకుని మన కుండలోంచి తీసి, పక్క ఊరి కుండలో వేసి, దానికి ఇరవై రెండు తీగలు అంటించి, కెమెరాలోంచి చూస్తూ, "ఏం కంగారు లేదు, మామూలుగా ఉడుకు" అంటారు. ఆ మాత్రానికే ఉడకనని మొరాయించే మెతుకుదే తప్పు!

నమ్మకం లేకపోతే మా లైల్ హైడ్రిక్ సంగతి వినండి.

నార్త్ డకోటాలో మా ఊరి స్కూలు బస్సు ఇరవై ఆరేళ్లుగా లైలే నడుపుతున్నాడు. ముప్పై నాలుగు మంది పిల్లలు, నలభై మైళ్ల మంచు రోడ్డు. ఆయన భార్య ఆర్లిస్ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది కాబట్టి, పాట మధ్య నిశ్శబ్దం ఎంతసేపుండాలో లెక్కపెట్టడం ఆవిడకి అలవాటు. రాత్రి మొగుడి గురక ఠక్కున ఆగిపోగానే ఆవిడ మనసులో ఒకటి, రెండు, మూడు మొదలవుతుంది. ఇరవై దాటిందా, మోచేత్తో డొక్కలో ఒక్క పోటు! ఆయన చేపలా నోరు తెరిచి ఊపిరి లాక్కుంటాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్న వైద్యం అది.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం ఖాళీ బస్సుతో ఎర్రలైటు దగ్గర ఆగిన లైల్, పచ్చలైటు పడ్డా కదల్లేదు. వెనక నాలుగు కార్లు హారన్లు కొడితేగాని కళ్లు తెరవలేదు. డాక్టర్లు ఇది స్లీప్ ఆప్నియా అయి ఉండొచ్చు, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడాలన్నారు. రాత్రంతా నిద్రని కొలిచే ల్యాబుకి పంపారు.

అక్కడ ట్రూడీ అనే అమ్మాయి ఆయన తలకి జిగురు పూసి, ఛాతీకి పట్టీలు కట్టి, ముక్కులో గొట్టం పెట్టి, తీగలన్నీ జడలా అల్లి తలగడ పక్కనున్న డబ్బాలో గుచ్చింది.

"ఇంట్లో పడుకున్నట్టే పడుకోండి," అంది.

"ఇంట్లో నాకు తోక ఉండదమ్మా," అన్నాడు లైల్.

పుట్టి బుద్ధెరిగాక వెల్లకిలా తప్ప పడుకోని మనిషి, తీగలు ఊడతాయేమోనని గోడవైపు తిరిగి, ఊపిరి బిగబట్టినట్టు పడుకున్నాడు. మొత్తం మీద రెండు గంటల పది నిమిషాలు కన్నంటింది. అందులో సగం జబ్బు తేల్చడానికి, మిగతా సగం ముక్కుకి మాస్కు పెట్టి ఎంత గాలి కావాలో తేల్చడానికి సరిపోయింది. ఎంత పొదుపో చూడండి!

డాక్టర్ ప్రెస్కాట్ కాగితం తిరగేశాడు.

"గంటకి ఏడుసార్లే ఊపిరి ఆగింది. తేలికపాటి జబ్బు. మాస్కు మిషన్‌లో గాలి ఒత్తిడి ఆరు పెడితే చాలు."

"ఏడా? అవి మొదటి పది నిమిషాల్లోనే అయిపోతాయండీ ఈయనకి," అంది ఆర్లిస్.

"అది మీరు విన్నదమ్మా. ఇది మేం కొలిచింది."

మరీ? ముప్పై ఒక్క ఏళ్లు పక్కన పడుకున్నంత మాత్రాన ఏం తెలుస్తుంది? ఆవిడకి జిగురు పుయ్యడం వచ్చా?

లైల్ పరమ భక్తితో రోజూ మాస్కు పెట్టుకున్నాడు. పొద్దున్నే తలనొప్పితో లేచి, పిల్లలందరికీ పేరుపేరునా గుడ్మార్నింగ్ చెప్పి, పది గంటలకల్లా గ్యారేజీలో కుర్చీలో కూలబడేవాడు. రెండు నెలలు పోయాక ఆర్లిస్ మళ్లీ డాక్టర్ దగ్గరికెళ్లింది.

"నా చెవుల మాట వదిలెయ్యండి. మీరిచ్చిన మిషనే రోజూ గంటకి ఇరవై రెండుసార్లు, ఇరవై నాలుగుసార్లు ఊపిరి ఆగుతోందని చూపిస్తోంది. ఆరు చాలట్లేదు."

"మిషన్ చెప్పేది అంచనా. ల్యాబ్ లెక్కే ప్రమాణం."

"అంటే అరవై రాత్రులు అబద్ధమాడి, ఒక్క రాత్రి నిజం చెప్పిందా?"

"ఆ ఒక్క రాత్రికి సర్టిఫికెట్ ఉందమ్మా."

ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? సర్టిఫికెట్ లేని రాత్రులు కూడా రాత్రులేనా?

ఫిబ్రవరిలో ఓ ఉదయం, పదకొండు మంది పిల్లలు బస్సులో ఉండగా, కునికే డ్రైవర్లని లేపడానికి రోడ్డు అంచున చెక్కిన గాట్లు చక్రాల కింద గరగరలాడాయి. లైల్‌కి మెలకువ వచ్చేసరికి ఎదురుగా రోడ్డు లేదు, మంచు కప్పిన దుంపల పొలం ఉంది. బ్రేకు తొక్కాడు. రెండు చక్రాలు మంచులో దిగబడి బస్సు ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక సీట్లో పిల్లలు "మళ్లీ! మళ్లీ!" అని చప్పట్లు కొట్టారు. లైల్ లేచి వాళ్లని ఒకసారి లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండే. అప్పుడు రేడియో అందుకున్నాడు.

"వెండెల్, ఇంకో డ్రైవర్ని పంపు. నేను నిద్రపోయాను."

వెండెల్ అంటే బస్సుల సూపర్వైజరు. కాగితమంటే ప్రాణం.

"ఆ మాట రేడియోలో అనకు లైల్! నీ కాగితం నా ముందే ఉంది. నువ్వు ఫిట్టు."

"అయితే ఆ కాగితాన్నే పంపు. అదే వచ్చి నడుపుతుంది."

ఆ సాయంత్రం లైల్ తాళాలు వెండెల్ బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చాడు. ఆర్లిస్ పెట్టిన సూప్ ముట్టుకోలేదు.

"ఒక్క చెంచా అయినా తాగవయ్యా."

"రోడ్డుకి ఆ పక్కన పొలం ఉంది కాబట్టి సరిపోయింది. పొలం కాకుండా వాగుంటే?"

ఆవిడ ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

మార్చిలో రెండో పరీక్ష. ఈసారి లైల్‌కి తీగలన్నా డబ్బా అన్నా లెక్కలేదు. నెలల అలసటతో మంచమెక్కిన వెంటనే వెల్లకిలా పడి మొద్దులా నిద్రపోయాడు. ఊపిరి ఎక్కువగా ఆగేది అలా పడుకున్నప్పుడేనట. గంటకి నలభై మూడుసార్లు! తీవ్రమైన జబ్బు! ఒత్తిడి పదమూడు!

పదమూడు పెట్టాక మొదటి వారం ఆర్లిస్‌కి నిద్ర లేదు. గదిలో చప్పుడు లేకపోతే భయమేసి, రెండుసార్లు ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. లైల్ మాత్రం పొద్దున్నే ఈల వేస్తూ లేచి, మూడు గుడ్లు తిని, ఎవరూ అడక్కుండానే గ్యారేజీ కప్పు మీద మంచంతా తోసేశాడు.

ఇంతలో వెండెల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జబ్బు తీవ్రమైనది గనక మూడు నెలలపాటు బస్సు నడపడానికి వీల్లేదట.

న్యాయం చూశారా! కునుకుతూ నడిపినన్నాళ్లూ అర్హుడు. కునుకు తీరి కళ్లు తెరిచిన నాటినుంచి అనర్హుడు! కాగితం తిరిగి చేతికొచ్చేసరికి జూన్ నెల. అప్పటికి బడికి సెలవులిచ్చేశారు.

ఆ జూన్‌లోనే ప్రెస్కాట్ ఇద్దర్నీ మరోసారి పిలిపించాడు. పాపం నిజంగానే తికమకపడుతున్నాడు.

"ఒక రాత్రి ఏడు, ఒక రాత్రి నలభై మూడు. రెండూ పొసగడం లేదు. మూడో రాత్రి కూడా చూస్తేగాని చెప్పలేను."

ఆర్లిస్ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"డాక్టర్ గారూ, నిన్న రాత్రి మీకు నిద్ర బాగా పట్టిందా?"

"లేదండీ. పక్కింటి కుక్క తెల్లార్లూ మొరిగింది."

"అయ్యో. మీకెప్పుడూ ఇంతేనా?"

"అబ్బే, మామూలుగా మంచి నిద్రే."

"అదెలా చెప్పగలరు? నిన్న రాత్రి పట్టలేదుగా!"

ప్రెస్కాట్ కాగితం కేసి చూశాడు. లైల్ కిటికీ కేసి తిరిగాడు గానీ నవ్వుకి భుజాలు కదులుతూనే ఉన్నాయి. మూడో పరీక్ష మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు. పదమూడు పదమూడుగానే ఉంది. సెప్టెంబరు నుంచి లైల్ బస్సు ఎక్కాడు.

ఏది ఏమైనా, నేను పరీక్ష పక్షమే! ఆ మొదటి రాత్రి పాపం ఒక్క అబద్ధం ఆడలేదు. తనకి తెలిసిన రెండు గంటల పది నిమిషాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. తనకి తెలియని రాత్రులన్నిటి సంగతీ దాని నోట పలికించి కింద సంతకం పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. విచారించాను. వాళ్లకి మాత్రం నిద్రకి ఏ లోటూ లేదట!