తమ్ముడి మూడు చుట్లు

ఆ రోజు పొద్దున భోజన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి హాలు తుడవాలి. పదకొండింటికి మరమనిషి నడక చూడటానికి పెద్దలు వస్తారు, చూసి మెచ్చుకుంటారు. మేనేజరు హబీబ్ ఆ సంతోషంలో ఉండగానే ఆయన ముందు సెలవు కాగితం పెట్టాలి. ఒక్క సంతకం పడితే చాలు, ఎల్లుండి విమానమే.

ఆ సంతకం మీద ఒక పిల్లవాడి జుట్టు ఆధారపడి ఉంది. మనవడి పుట్టువెంట్రుకలు కొండగట్టు అంజన్న దగ్గర తీయిస్తానని మొక్కుకున్నవాడు భోజన్నే. మొదటి ఏడు సెలవు దొరకలేదు. ఇప్పుడు మూడో ఏడు, అది నిండటానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. సరి సంవత్సరాల్లో తీయరు కనుక ఇది తప్పితే మళ్లీ ఐదో ఏటే.

"పిలగానికి రెండు జడలేసిన," అని ముందురోజే భార్య ముత్యవ్వ ఫోనులో చెప్పింది. "అంగడిల అందరు బంగారుతల్లీ అని బుగ్గలు గిల్లుతున్నరు. వాడేమో తిట్టుడు నేర్సిండు. మొక్కింది నువ్వు, తిట్లు పడేది మేము. వస్తవా, రావా?"

"వస్త," అన్నాడు భోజన్న. ఆ మాట అనడం ఇది మూడోసారి.

భోజన్న పని చేసే కంపెనీ సౌదీలో, హుఫూఫ్ పట్నం శివార్లలో, ఖర్జూరపు తోటలు అయిపోయి గోదాములు మొదలయ్యే చోట ఉంది. మనిషిలా రెండు కాళ్ల మీద నడిచే యంత్రాలు తయారు చేస్తారు. అతన్ని తీసుకున్నది హాలు తుడవడానికే. కానీ ఏడు నెలల కింద ఇంజనీరు అమర్నాథ్ అతని నడక చూసి, చీపురు పక్కన పెట్టించి, వైర్లు కుట్టిన ఒక తొడుగు వేయించాడు.

"దీనికి రెండు బుర్రలు, భోజన్నా," అని చెప్పాడు అమర్నాథ్. ఆయనది కాకినాడ. "ఒకటి హాలు మ్యాపు చూసి ముందే దారి గీసుకుంటుంది. రెండోది, దారిలో ఏదన్నా అడ్డమొస్తే అప్పటికప్పుడు పక్కకి తప్పుకుంటుంది. ఆ తప్పుకోవడం ఎలాగో నీ దగ్గర నేర్పిద్దామని. రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర్నుంచి ఆ చివరి టేబుల్ దాకా, అట్టపెట్టెల మధ్య నుంచి, ట్రే పట్టుకుని నడువు. అంతే."

"నా నడకల ఏమున్నది సార్, నేర్సుకునేటందుకు?"

"ఇన్నేళ్లలో ఎవరికన్నా తగిలావా?"

భోజన్న ఆలోచించాడు. తగల్లేదు. ఎదురుగా ఎవరు వచ్చినా, పెద్ద సారైనా పెయింటరైనా, కుడివైపు జరిగి, తల కాస్త వంచి, వాళ్లు దాటిపోయేదాకా నిలబడేవాడు. అలా ఏడు నెలలు నడిచాడు. ఆ నడకే నేర్చుకున్న యంత్రానికి కాగితాల్లో ఏదో నంబరు ఉంది కానీ భోజన్న మాత్రం దాన్ని తమ్ముడు అనేవాడు.

ఎనిమిదింటికి మొదటి రిహార్సల్. ఇంతకుముందు తమ్ముణ్ని ఎప్పుడూ హాలు నడుమ, ఛార్జింగు పెట్టే చోటు నుంచే నడిపించి చూశారు. ఈసారి అతిథులు కూర్చునేది హాలు చివర కాబట్టి గుమ్మం నుంచి నడిపించమని హబీబ్ ఆజ్ఞ. ట్రేలో మూడు ఖాళీ కప్పులు పెట్టారు. కంప్యూటర్లో తమ్ముడి నడక లెక్కలు చూసే రాజమండ్రి అమ్మాయి అమూల్య బటన్ నొక్కింది.

తమ్ముడు ట్రేను గుండెకు ఆనించుకున్నాడు. ఉన్నచోటనే నిదానంగా కుడివైపు ఒక చుట్టు తిరిగాడు. తరువాత రెండోది. తరువాత మూడోది. ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టు చక్కగా నడుచుకుంటూ టేబుల్ దాకా వెళ్లాడు.

భోజన్న చేతిలోని తుడుపుకర్ర జారి కిందపడింది.

"ఏంటది?" అన్నాడు అమర్నాథ్. "ఎవరన్నా ఏదన్నా ముట్టుకున్నారా?"

"లేదు సార్," అంది అమూల్య. "దిక్కులు చెప్పే సెన్సర్ పోయిందేమో."

సెన్సర్ మార్చారు. మూడు చుట్లు. గుమ్మం కింద ఇనుపపట్టీ ఉందని తమ్ముణ్ని రెండడుగులు ఇవతల నిలబెట్టారు. మూడు చుట్లు. చాప పరిచారు, తీశారు. మూడు చుట్లు. టీ ఫ్లాస్కు పక్కన తప్ప ఇంకెక్కడా కనబడని ఎలక్ట్రీషియను యాదగిరి, చేతిలో కప్పుతోనే వచ్చి తీర్పు చెప్పాడు.

"దిష్టి సార్. నిన్న పక్క కంపెనీ మంది మొత్తం కిటికీలకెళ్లి సూసిన్రు."

"రోబోకి దిష్టేంటయ్యా, నీ మొహం!" అన్నాడు అమర్నాథ్. అని, వెళ్లి కిటికీ తెర లాగేశాడు.

భోజన్నకు మాత్రం ఆ చుట్లు ఎక్కడివో మొదటిసారే తెలిసిపోయింది. గుడికి వెళ్లే వీలు లేనివాడు ఉన్నచోటనే మూడుసార్లు తిరిగి, తన లోపల ఉన్న దేవుడికే దండం పెట్టుకుంటాడు. పరాయి దేశంలో భోజన్నకు అదే గుడి. రోజూ తొడుగు వేసుకొని, ట్రే గుండెకు ఆనించుకొని, గుమ్మం దగ్గర మూడు ఆత్మప్రదక్షిణలు చేసి, 'అంజన్నా' అనుకున్నాకే అడుగు వేసేవాడు. ఆ తరువాతే కదా అమూల్య బల్ల దగ్గర నుంచి 'స్టార్ట్' అని కేక వేసేది!

మెల్లగా ఆమె పక్కకు చేరాడు. "అమ్మా, ఆ తొడుగుల రికార్డు ఎప్పటిసంది షురువైతది? మీరు స్టార్టు అన్నంకనే గద?"

"కాదండీ భోజన్నగారూ, బకిల్ పెట్టగానే మొదలైపోద్ది. స్టార్ట్ అనేది నాకోసం, కాఫీ పక్కన పెట్టుకోడానికి."

భోజన్న లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే 'పని చోట ఇదేం పని' అని హబీబ్ కాగితం చింపేస్తాడు. చెప్పకపోతే నడక చెడి, వచ్చినవాళ్లు నవ్విపోయి, అప్పుడూ కాగితం చింపేస్తాడు. రెండు దారుల్లోనూ పిల్లవాడికి జడలే.

అమర్నాథ్, అమూల్య పక్క గదిలో పాత లెక్కలు వెతకడానికి వెళ్లగానే అతనికి ఒక ఉపాయం తోచింది. కాళ్లతో నేర్పినది కాళ్లతోనే మాన్పించవచ్చు. చుట్లు లేకుండా తిన్నగా నడిచి చూపిస్తే చాలు, తమ్ముడు చూసి నేర్చుకుంటాడు. టేబుల్ దగ్గర నుంచి గుమ్మం వైపు బాణంలా బయలుదేరాడు.

ఎవరూ ఆపకపోవడంతో హాలు నడుమ ఇంకా నడుస్తున్న తమ్ముడికి ఎదురుగా ఒక అడ్డం వస్తున్నట్టు తోచింది. కుడివైపు జరిగి, తల వంచి, నిలబడ్డాడు.

ఎదుటివాడు అంత మర్యాదగా నిలబడితే భోజన్న కాళ్లు ముందుకు సాగలేదు. తనూ జరిగి, తల వంచి, నిలబడ్డాడు. దారి దొరికిందని తమ్ముడు అడుగు వేయబోయాడు. సరిగ్గా అప్పుడే భోజన్న కూడా వేశాడు. మళ్లీ ఇద్దరూ జరిగారు. మళ్లీ తలలు వంచారు.

"పో తమ్మీ, నువ్వు పో," అన్నాడు భోజన్న. తమ్ముడు తల ఇంకొంచెం వంచాడు. "పొమ్మంటున్న గద! నాకంటె పెద్ద మర్యాదస్తునివా?"

"పెండ్లిసూపులా బావా?" అన్నాడు యాదగిరి ఫ్లాస్కు దగ్గర నుంచి. "గట్లనే ఉండున్రి, ఛాయ్ తెస్త."

అరగంట గడిచింది. అమర్నాథ్ తిరిగి వచ్చేసరికి హాలు మధ్యలో ఇద్దరు వినయవంతులు ఎదురెదురుగా తలలు దించుకొని ఉన్నారు. తమ్ముడి బ్యాటరీ పావు భాగానికి పడిపోయింది. ఛార్జింగు తీగ తగిలించి ఊపిరి పీల్చుకునేలోపే ఫోను మోగింది. హబీబ్. అతిథులు పదకొండుకు కాదు, పదింటికే వస్తున్నారు. ఖోబర్ నగరం నుంచి ఇంకో కంపెనీ కూడా తన మరమనిషిని తెస్తోంది. ఎవరిది బాగా నడిస్తే వాళ్లకే ఆర్డరు.

ఫోను వెనకే హబీబ్ తన మనుషులతో దిగాడు. కొత్తగా చేయించిన నిలువెత్తు గాజుపలక ఒకటి తెచ్చి హాలు నడుమ నిలబెట్టారు. దాని మీద పైన మాత్రం సన్నగా కంపెనీ పేరు చెక్కి ఉంది. "యల్లా భోజన్నా, మెరిసిపోవాలి!" అన్నాడు హబీబ్ వచ్చీరాని హిందీలో. భోజన్నకు గాజు తుడవడం బాగా వచ్చు. భయంలో ఇంకా బాగా తుడిచాడు. తుడిచి వెనక్కి జరిగి చూస్తే అక్కడ గాజు ఉన్నట్టే లేదు.

ఇక దాచలేక తిన్నగా అమర్నాథ్ దగ్గరికి వెళ్లాడు. "సార్, తప్పు దానిది కాదు, నాది." అంతా చెప్పేశాడు.

అమర్నాథ్ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. "ఏడు నెలలూనా?"

"శుక్కురారం, శనివారం సెలవు గద సార్. గవి తప్ప."

అమూల్య నవ్వు ఆపుకోలేక బల్ల కింద ఏదో వెతికినట్టు వంగింది. "అవి తీసేయగలవా?" అని అమర్నాథ్ అడిగితే తల ఎత్తింది. "తీస్తే నడక ఎక్కడ మొదలెట్టాలో దానికి తెలీదు సార్. మూడు గంటలు కావాలి."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

వచ్చిన పెద్దాయన పేరు అబూ సల్మాన్. ఆ ప్రాంతంలో సగం ఖర్జూరాలు ఆయన గోదాముల్లోనే పెట్టెలకెక్కుతాయి. చేతికర్ర మోపుకుంటూ వచ్చి, హాలు చివర కుర్చీలో కూర్చొని, "కానివ్వండి," అన్నారు.

ముందు ఖోబర్ వాళ్ల వంతు. ఆరడుగుల ఎత్తు, వెండిలా మెరుపు. గుమ్మం నుంచి ఎక్కుపెట్టిన బాణంలా దూసుకొచ్చి, హాలు నడుమ 'ధన్'మని గాజుకు కొట్టుకొని వెల్లకిలా పడింది. పడ్డాక కూడా దాని కాళ్లు గాలిలో నడుస్తూనే ఉన్నాయి. నలుగురు మోసుకుపోయారు. హబీబ్ గాజు తీయించబోతే అబూ సల్మాన్ కర్ర ఎత్తారు. "ఉండనివ్వండి. నా గోదాములో ఎవరు ఏది ఎక్కడ పెడతారో నాకే తెలియదు."

"మన మ్యాపు పొద్దున్నే తీశాం," అని గొణిగాడు అమర్నాథ్. "అందులో గాజు లేదు. ఎదురుగా చూస్తే కెమెరాకి కనబడదు కూడా."

అమూల్య బటన్ నొక్కింది. తమ్ముడు ట్రేను గుండెకు ఆనించుకున్నాడు. ఈసారి కప్పుల నిండా గహ్వా, అంటే వేడి అరబ్బీ కాఫీ ఉంది.

మొదటి చుట్టుకు హబీబ్ మొహం నల్లబడింది. రెండో చుట్టుకు అమర్నాథ్ కళ్లు మూసుకున్నాడు. మూడో చుట్టుకు భోజన్న, ఎవరు చూస్తే ఏమవుతుందన్న ఆలోచన వదిలేసి, చేతులు జోడించాడు.

"సార్," అంది అమూల్య అతి మెల్లగా. "కళ్లు తెరవండి. గీత వంగింది."

తమ్ముడు తిరుగుతున్నకొద్దీ అతని చూపు కోణం మారింది. హాలు పైకప్పు దీపాల వెలుగు గాజు అంచున ఒకచోట తళుక్కుమని, మరుచుట్టులో ఇంకోచోట తళుక్కుమంది. మూడో చుట్టు ముగిసేసరికి మొదటి బుర్ర పాత దారి చెరిపి కొత్తది గీసుకుంది. అమూల్య కంప్యూటరు తెర మీద ఆ దారి చూపే పచ్చగీత గాజును చుట్టి వెళ్లింది. ఆ గీత వెంటే తమ్ముడు వెళ్లాడు. అట్టపెట్టెల మధ్య నుంచి, గాజును జానెడు దూరంలో తప్పించుకొని, ఒక్క చుక్క ఒలకకుండా.

అబూ సల్మాన్ లేచారు. కావాలనే కర్రతో దారికి అడ్డంగా నడిచారు. తమ్ముడు కుడివైపు జరిగి, తల వంచి, ఆయన దాటేదాకా నిలబడ్డాడు. ఆయన వెనక్కి తిరిగి మళ్లీ అడ్డం నడిచారు. తమ్ముడు మళ్లీ జరిగి తల వంచాడు.

"నా మనవళ్లలో ఇలా జరిగి నిలబడేవాడు ఒక్కడూ లేడు," అని ఆయన ట్రేలోంచి కప్పు తీసుకున్నారు. "మొదట్లో ఆ తిరగడం ఏమిటి?"

హబీబ్ అమర్నాథ్ వైపు చూశాడు. "అడుగు వేసే ముందు చుట్టూ ఒకసారి చూసుకుంటుందండీ," అన్నాడు అమర్నాథ్.

"మా నాన్న కూడా తోటలోకి దిగే ముందు అంతే. ఎవరు నేర్పారు?"

'నేనే' అనడానికి అమర్నాథ్‌కు అంతకంటే మంచి సమయం జీవితంలో దొరకదు. అయినా ఆయన వేలు హాలు మూలవైపు చూపించింది. అక్కడ తుడుపుకర్ర పట్టుకొని భోజన్న ఉన్నాడు.

అబూ సల్మాన్ పది మరమనుషులు కావాలన్నారు. పదీ నడిచే ముందు ఇలాగే మూడుసార్లు తిరగాలన్నారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యే భోజన్న సెలవు కాగితం తీసి హబీబ్ ముందు పెట్టాడు.

"సెలవా?" అన్నాడు హబీబ్. "మిగతా తొమ్మిది మరమనుషులకు ఎవరు నేర్పుతారు? నువ్వెక్కడికీ వెళ్లేది లేదు!"

అయినా భోజన్న ఈసారి పక్కకు జరగలేదు, తల వంచలేదు. "సాబ్, ఇది నా దగ్గర నేర్సింది. నేను కొండగట్టుల నేర్సిన. మనుమని పేరు మీద ఆడ మాటిచ్చిన. మాట తప్పినోని కాళ్లకెళ్లి ఇదేం నేర్సుకుంటది?"

అమర్నాథ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు, హబీబ్ అరబ్బీలోకి మార్చాడు. అన్ని మెట్లు దిగాక కూడా మాట బరువు తగ్గలేదు. అబూ సల్మాన్ గహ్వా పూర్తిచేసి కప్పు పెట్టారు. "మాట ఇచ్చినవాణ్ని ఆపకండి. నేను ఒక నెల ఆగుతాను." హబీబ్ తమ్ముడి ట్రే మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు.

మూడో ఏడు నిండటానికి ఆరు రోజుల ముందు కొండగట్టులో పిల్లవాడి జడలు రెండూ రాలాయి. వాడు నున్నటి గుండు తడుముకొని, మంగలిని ఒక తిట్టు తిట్టి, తాత చంక ఎక్కాడు. ముత్యవ్వ కళ్లు తుడుచుకుంది. వాణ్ని ఎత్తుకొనే భోజన్న మూడు చుట్లు తిరిగాడు. తిరుగుతుంటే చాలా రోజులుగా లోపల ఉన్న అనుమానం బయటికి వచ్చింది.

"అయ్యగారూ, ఆడ ఒక మర రోజు పొద్దుగాల గిట్లనే తిరుగుతది. గా పుణ్యం ఎవరికి వోతది? నాకా, దానికా?"

పూజారి హారతి పళ్లెం ఆపాడు. "అది తిరుగుకుంట ఏమనుకుంటది?"

"తొవ్వ యాడున్నదని దేవులాడుతది."

"మనం తిరిగేది గూడ అందుకే గద," అని పూజారి పళ్లెం ముందుకు జరిపాడు.

కొండ దిగుతుంటే ఫోనుకు అమూల్య సందేశం వచ్చింది. భోజన్న లేడని పని ఆపకుండా రెండో మరమనిషికి నడక నేర్పించారట. మూడు చుట్లూ చక్కగా తిరుగుతోంది, ఎవరికీ తగలడం లేదు. నేర్పింది యాదగిరి కావడంతో, టీ ఫ్లాస్కు కనబడగానే మాత్రం పావుగంట ఆగుతోంది.