జాంబయ్యకి రావలసిన గుహ

ఒక పెద్ద అడవిలో జాంబయ్య అనే ఎలుగుబంటి ఇప్పపువ్వుకి బానిసై, ముందు పరువునీ, తర్వాత పెళ్ళాన్నీ, చివరికి గుహనీ పోగొట్టుకున్నాడు. రాలిన ఇప్పపువ్వు నాలుగు రోజులు ఊరితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు తెలుసుకోకపోవడమే మంచిది.

ఆ అడవిలో ఇలాంటివాళ్ళని బాగుచేసే ఆశ్రమం ఒకటుండేది. దాన్ని నడిపేది శాఖానంద స్వామి అనే కొండముచ్చు. మూడు పున్నములు పువ్వు ముట్టకుండా పూటపూటా భజన చేసినవాళ్ళకి, వానలు పడేలోగా ఒక గుహ ఇప్పిస్తామని అక్కడి నియమం. తలదాచుకునే చోటులేక బండల పక్కన పడుకుంటున్న జాంబయ్య ఆ మాట నమ్మి చేరాడు.

మొదటి నెల నరకం. ఒళ్ళంతా వణికేది. ఆశ్రమంలో వంటచేసే ముళ్ళపంది సుబ్బులు సాయంత్రమయ్యేసరికి వచ్చి పక్కన కూర్చునేది.

"ఈ పూటకి ఓర్చుకో అన్నా. రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడు" అనేది.

జాంబయ్య ఆ దేవుడికే దణ్ణం పెట్టుకుని ఆ పూట గడిపేవాడు. అలా పూటా పూటా కూడి మూడు పున్నములయ్యాయి.

శనివారం శనివారం ఆశ్రమంలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. తానెలా చెడిపోయాడో, స్వామి ఎలా లేపారో. జాంబయ్య ఉన్నదున్నట్టు చెబితే స్వామికి నచ్చేది కాదు.

"పెళ్ళాం వెళ్ళిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలాగయ్యా? పడింది గంటసేపు చెప్పు. లేచింది చివర్లో చెబితే చాలు."

"వెళ్ళిపోయింది స్వామీ. అంతకంటే ఏముంది?"

"పిల్లలు ఏడ్చారా?"

"పిల్లల్లేరు."

"ఉన్నారనుకో."

గడువు తీరాక జాంబయ్య గుహ సంగతి అడిగాడు. స్వామి కళ్ళు మూసుకుని, "నీలో ఇంకా పూర్తి మార్పు రాలేదు" అన్నాడు. అసలు సంగతి వేరు. అంత పెద్ద శరీరం నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే చూడ్డానికి జనం విరగబడేవారు. అలాంటివాణ్ణి ఏ స్వామి వదులుకుంటాడు?

ఈలోగా ఆశ్రమానికి పనసపళ్ళు మోసుకొచ్చే పెద్ద దాత, ఏనుగు ఐరావతమ్మ నుంచి కబురొచ్చింది. సాక్ష్యాలు వినీ వినీ విసుగెత్తిందట. ఈసారి మహిమ కళ్ళారా చూడాలట. స్వామి వెంటనే జాంబయ్యని పిలిపించాడు.

"సభలో గుప్పెడు పువ్వు తిను. పడిపో. నేను మంత్రించి లేపుతాను. ఆ సాయంత్రమే గుహలోకి పోదువుగాని."

"గుప్పెడుతో ఆగలేను స్వామీ. నా సంగతి నాకు తెలుసు."

"దేవుడి మీద నమ్మకం లేదా?"

"దేవుడి మీదుంది. పువ్వు మీదే లేదు."

"అయితే గుహ మాట మర్చిపో" అన్నాడు స్వామి.

సభ రోజున సన్నగా వాన మొదలైంది. జాంబయ్య ముందు ఊరిన పువ్వు పెట్టారు. ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. తింటే గుహ. తినకపోతే వానలో బతుకు. పాపం, ఒకసారి పువ్వు వంకా, ఒకసారి వాన వంకా చూశాడు.

చివరికి, "నేను తినను. గుహ లేకపోయినా సరే" అన్నాడు.

సభ ఉసూరుమంది.

"ఇంత దూరం నడిచొచ్చింది బాగున్నవాణ్ణి చూడ్డానికా?" అంటూ ఐరావతమ్మ తెచ్చిన పనసపళ్ళు వెనక్కి తీసుకోబోయింది.

స్వామికి గుండె జారింది. "వీడిది వట్టి భయం. నా మంత్రం పడ్డాక ఇందులో మత్తుండదమ్మా, చూడండి" అని గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. బాగుంది. రెండో గుప్పెడూ వేసుకున్నాడు. మూడోదానికి ఎవరూ బతిమాలనక్కర్లేకపోయింది. కాసేపటికి తోకతో తాళం వేస్తూ, భక్తులందర్నీ పేరుపేరునా తిట్టి, బురదలో బోర్లా పడ్డాడు.

జాంబయ్యే పరుగెత్తి అతన్ని పక్కకి తిప్పి, మూతి కడిగి, తెలివొచ్చేదాకా ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఐరావతమ్మ కళ్ళు ఒత్తుకుంది. "పడితే ఇలా పడాలి" అంది. పనసపళ్ళతో పాటు గుహ కూడా స్వామికే ఇప్పించింది, కోలుకునేదాకా ఉండమని. మరి నా సంగతేమిటని జాంబయ్య అడిగితే ఆశ్చర్యపోయింది.

"నువ్వు బాగానే ఉన్నావుగా నాయనా. నీకు గుహతో పనేముంది?"

ఇప్పుడు సాక్ష్యం స్వామే చెబుతున్నాడు. తనకి నయమైపోయిందని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. జాంబయ్య, సుబ్బులు మాత్రం కొండ వెనక తడిమట్టిలో సొరంగం తవ్వుకుంటున్నారు. సగం కూడా కాలేదు, వాన పడుతూనే ఉంది.

నీతి: బాగుపడటం తప్పు కాదు గానీ, బాగుచేసేవాళ్ళ కంటపడకుండా బాగుపడాలి.